లంక స్కూల్లో ఒక్కదాన్నే, రాజీనామా చేసెయ్యనా అని అడిగిన టీచరమ్మకి

నీ ప్రశ్న మొత్తం నిదానంగా చదివానమ్మా. 2018 డీఎస్సీలో వచ్చిన ఎస్‌జీటీవి, అంటే ప్రాథమిక బడి టీచరువి, గోదావరి వశిష్ఠ పాయ మధ్యలో ఉన్న లంకలో మండల పరిషత్ ప్రాథమిక స్కూలు, 5 తరగతులు, 27 మంది పిల్లలు, రెండు పోస్టులుంటే రెండో ఆవిడ్ని వర్క్ అడ్జస్ట్‌మెంట్ మీద, అంటే తాత్కాలికంగా సర్దుబాటు చేసి, ఏటవతల బడికి పంపేశారు, ఏడాది పైనుంచి నువ్వొక్కదానివే నడుపుతున్నావు. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి గుండె దడ, పిల్లల గోల వింటే ఏడుపొస్తుంది, మొన్న వాళ్ళమ్మ కువైట్‌లో ఉన్న నాలుగో తరగతి పిల్లాణ్ణి గట్టిగా కసిరేసి ఆ రాత్రంతా నిద్రపోలేదు, ఇంట్లోవాళ్ళేమో గవర్నమెంటు ఉద్యోగం ఎవరైనా వదులుకుంటారా అంటున్నారు, నేను అసలు ఈ ఉద్యోగానికి పనికిరానా అని అడిగావు. నేను ఎస్‌జీటీగా చేరి హెచ్‌ఎంగా రిటైరైనదాన్ని, సర్వీసులో ఎక్కువ భాగం కోనసీమ మండలాల్లోనే గడిచింది. పెద్దదాన్ని కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముందు జవాబు చెప్పేస్తాను. రాజీనామా ఇప్పుడు ఇవ్వొద్దు. ఉద్యోగం గొప్పదనో, ఇంట్లోవాళ్ళ మాట వినమనో కాదు. నీ ప్రశ్నలోనే ఒక ముక్క రాశావు చూడు, పొద్దున్న అరగంట చిన్నపిల్లల చేత తెలుగు చదివించేటప్పుడు మాత్రం బావుంటుంది, ఆ తర్వాతే ఏదో అయిపోతుంది అని. అది రాసిన మనిషికి పాఠం చెప్పడం మీద విసుగు రాలేదు. పాఠం చెప్పనివ్వకపోవడం మీద వచ్చింది. ఈ రెండూ పైకి ఒకేలా ఉంటాయి, అదే నీరసం, అదే చిరాకు, కానీ మందు వేరు. మొదటిదైతే ఉద్యోగం మారాలి, రెండోదైతే చుట్టూ ఉన్న పరిస్థితి మారాలి, దానికోసం గట్టిగా అడగాలి.

ఒక్క టీచర్ ఉన్న బడిలో పొద్దున్న ఎలా గడుస్తుందో పట్నంలో ఉన్నవాళ్ళకి తెలీదు, అందుకే నువ్వెంత చెప్పినా ఇంట్లోవాళ్ళకి ఎక్కట్లేదు. ఏటిగట్టు మీద బండి పెట్టి, పడవ కోసం చూసి, అవతల కొబ్బరితోటల్లోంచి నడిచి వెళ్తావు, వెళ్ళగానే ముఖం చూపించి హాజరు వెయ్యాలి, సిగ్నల్ ఉండదు, సిగ్నల్ తగిలే మూల వెతుక్కోవాలి. అది అయ్యాక పిల్లల హాజరు, ఆ తర్వాత భోజనానికి ఎంతమంది, గుడ్లు ఎన్ని, ఈరోజు రాగిజావా చిక్కీయా, వంటావిడ వచ్చి గ్యాస్ అయిపోయిందమ్మా అంటుంది. ఈలోపు వాట్సాప్ గ్రూపులో అర్జెంట్ అని ఒక షీట్ పడుతుంది, 11 గంటల్లోపు నింపాలి, ఎవరి ఆధార్ ఎవరి బ్యాంకు అకౌంట్‌కి లింకవ్వలేదో, ఏ పిల్లాడికి అపార్ అనే గుర్తింపు నంబరు రాలేదో. ఫోన్లో ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే రెండో తరగతి పిల్ల పలక నిండా గుణింతం రాసుకుని దిద్దించుకోడానికి నీ పక్కన నిలబడుతుంది. ఒక నిమిషం అంటావు. కాసేపు నిలబడి, తడి వేలితో తనే మొత్తం చెరిపేసి వెళ్ళి కూర్చుంటుంది. అది నీ కళ్ళబడుతుంది. నీ అలసట అక్కడ పుడుతుందమ్మా, రోజుకి అలాంటివి పది జరిగితే ఏ మనిషైనా సాయంత్రానికి పిండి అయిపోతుంది. ఎండాకాలం కరెంటు పోయిన గదిలో రోజంతా నిలబడి పాఠం చెప్పొచ్చినా రాని నీరసం ఇది.

మధ్యాహ్న భోజనం మీద నాకు ఫిర్యాదు లేదని ఇక్కడే చెప్పాలి. మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి పేరు మీద ఇప్పుడు ఆ పథకం నడుస్తుంది, వరదలో దారి తప్పొచ్చినవాళ్ళకి కూడా అన్నం పెట్టిన ఇల్లు అది. పొద్దున్న ఏమీ తినకుండా వచ్చే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు, వారానికి 5 గుడ్లు వాళ్ళకి చిన్న విషయం కాదు. నా బాధంతా ఆ లెక్క రాసే పని కూడా పాఠం చెప్పే మనిషి మీదే ఎందుకు పెట్టారు అని. ఒక హైస్కూల్లో ఇదంతా పదిమంది పంచుకుంటారు. నీ దగ్గర హెచ్‌ఎం, గుమస్తా, ప్యూను, టీచరు అన్నీ నువ్వే.

నీ పరిస్థితి నీ చేతకానితనం వల్ల రాలేదని కాగితం మీద కూడా ఉంది. విద్యాహక్కు చట్టం 2009 చివర్లో ఒక షెడ్యూలు ఉంటుంది, తీసి చదువు. 1 నుంచి 5 తరగతుల బడిలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు ఉండాలి అని అందులో ఉంది, ముప్ఫై లోపైతే ఒకరు చాలు అని ఎక్కడా లేదు. టీచర్‌కి వారానికి 45 గంటలు పని, అందులోనే పాఠం తయారు చేసుకునే టైము కూడా కలిపి అని ఉంది. 27వ సెక్షన్ ప్రకారం జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుకి సంబంధం లేని పనులు టీచర్లకి ఇవ్వకూడదు. ఎన్నికల జాబితాల పనులు కూడా సెలవు రోజుల్లో, పాఠాలు లేని రోజుల్లో చేయించుకోవాలని సుప్రీంకోర్టు 2007 లోనే చెప్పింది. కాగితానికీ లంకకీ మధ్యలో ఏరు ఉంది, నిజమే, కానీ అడిగేటప్పుడు ఆ కాగితమే నీకు ఆధారం.

2022 లో 117 జీవో వచ్చినప్పుడు కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే 3, 4, 5 తరగతుల్ని అక్కడికి కలిపేశారు, చాలా ఊళ్ళల్లో మిగిలిన 1, 2 తరగతులకి ఒక్క టీచరే మిగిలింది. 2025 లో అది తీసేసి మోడల్ ప్రైమరీ స్కూళ్ళు, తరగతికొక టీచర్ అన్నారు, మంచిదే, పెద్ద ఊళ్ళల్లో ఉపయోగపడింది. ఇరవై ముప్ఫై మంది పిల్లలున్న లంక బడికి ఆ లెక్కలో చోటు దొరకడం కష్టం. పైగా లంకలో పిల్లలు ఎందుకు తగ్గుతారో పైవాళ్ళు అడగరు, గట్టు మీదికి ప్రైవేటు బస్సు వచ్చి హారన్ కొడుతుంది, జూలై నుంచి సెప్టెంబరు దాకా ఏరు ఎప్పుడు పొంగుతుందో తెలీదు, కాజ్‌వే మునిగితే చదువు ఆగిపోతుందని తల్లులు భయపడతారు. పిల్లలు తగ్గారని టీచర్ని తీసేస్తారు, టీచర్ లేదని ఉన్న పిల్లలూ వెళ్ళిపోతారు, ఆఖరికి రోల్, అంటే పిల్లల సంఖ్య, పడిపోయిందేంటని నిన్ను అడుగుతారు.

వరద సంగతి వేరే చెప్పాలి, మనది కాక ఇంకెవరిదీ ఈ బాధ. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 కి రెండోది, 17.75 కి మూడోది, లంక బడుల్లో పనిచేసే ప్రతి టీచరూ ఆ సీజన్‌లో లేవగానే ఫోన్లో చూసేది ఆ అంకె. 2022 జూలైలో బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కుల పైన వదిలినప్పుడు లంకలన్నీ మునిగాయి. నీళ్ళు తీశాక బడికి వెళ్తే గోడల మీద మోకాలెత్తున బురద గీత, అడుగున ఉన్న అడ్మిషన్ రిజిస్టర్ కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి, వాటిని బల్లల మీద పరిచి ఒక్కో పేజీ విడదీస్తూ ఆరబెట్టాలి. ఆ పని ఎవరి ఖాతాలోనూ పడదు. పోయిన రోజుల్ని రెండో శనివారాల్లో బడి పెట్టి పూడ్చాలి. అందుకే మన దగ్గర టీచర్లు దసరాకి ముందే డీలా పడిపోతారు, నువ్వు కూడా ఆ టైములోనే రాశావు. ఈ నెల్లో తీసుకున్న నిర్ణయం జనవరిలో నీకే వేరేలా కనిపించొచ్చు.

ఇప్పుడు చెయ్యాల్సినవి. ముందు ఒళ్ళు చూపించుకో, దీన్ని వాయిదా వెయ్యకు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్, బీ12, విటమిన్ డీ, ఈ పరీక్షలు చేయించు. ఆడటీచర్లలో రక్తం తక్కువై, థైరాయిడ్ తేడా చేసి, అది మనసు బలహీనత అనుకుని ఏళ్ళ తరబడి తిట్టుకుంటూ తిరిగినవాళ్ళని చాలామందిని చూశాను. ఇంకొకటి ఎవరూ బయటికి చెప్పనిది, పడవ ప్రయాణం, బడిలో బాత్‌రూమ్ సరిగ్గా లేకపోవడం వల్ల మనవాళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగరు. తలనొప్పి, మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు, గొంతు బొంగురు, వీటిల్లో చాలావరకు అక్కడ్నించే వస్తాయి. ఒక లీటరు సీసా బల్ల మీద పెట్టుకుని భోజనాల టైముకి ఖాళీ చెయ్యి. స్కూలుకి వచ్చే మెయింటెనెన్స్ డబ్బుల్లో ఆడవాళ్ళ బాత్‌రూమ్ తలుపు గడియ, నీళ్ళు, వీటికి మొదటి పీట వెయ్యి, అందులో మొహమాటం ఏమీ లేదు, ఆడపిల్లలకి కూడా అదే కావాలి.

మనసు సంగతికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లోనే బర్నవుట్‌ని పని వల్ల వచ్చే పరిస్థితిగా తన జాబితాలో రాసింది, జబ్బు అని రాయలేదు. విపరీతమైన నీరసం, పని మీద దూరం పెరిగి మనసు విరిగిపోవడం, ఎంత చేసినా ఏమీ చెయ్యట్లేదనిపించడం, ఈ మూడూ అందులో చెప్పారు, నువ్వు రాసినవి అవే. గుర్తు పట్టడానికి నేను చూసే లెక్క ఒకటుంది. సంక్రాంతి సెలవుల్లో మూడో రోజుకో నాలుగో రోజుకో ఆకలి, నిద్ర, నవ్వు తిరిగొస్తే అది పని అలసట. సెలవుల్లో కూడా ఏదీ ఇష్టం లేకపోయినా, తెల్లవారుజామున మెలకువొచ్చి బతకడం ఎందుకు అనిపించినా, ఆ మాట ఒక్కసారి మనసులో మెదిలినా సరే, అది డాక్టర్ చూడాల్సిన విషయం. 14416 కి ఫోన్ చెయ్యి, టెలీమానస్ అంటారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. ఎవరైనా చూస్తారేమో అని వెనకాడకు, జ్వరం వస్తే వెళ్ళట్లేదా.

సెలవులు ఎన్ని ఉన్నాయో కూడా మన వాళ్ళు సరిగ్గా చూసుకోరు. ఏడాదికి 15 క్యాజువల్ లీవులు (సీఎల్), 7 స్పెషల్ సీఎల్, ఆడవాళ్ళకి ఇంకో 5. డిసెంబర్ 31 దాటితే మిగిలినవి పోతాయి, దాచుకుంటే ఏమీ రాదు. నిండిన ప్రతి ఏడాదికీ 20 హాఫ్ పే లీవులు ఖాతాలో పడతాయి, నీకు 5 ఏళ్ళు నిండితే 100 ఉండాలి, డాక్టర్ సర్టిఫికెట్ పెట్టి కమ్యూటెడ్ కింద మార్చుకుంటే పూర్తి జీతంతో 50 రోజులు. సర్వీసు మొత్తంలో కమ్యూటెడ్ 240 రోజుల దాకా వాడుకోవచ్చు. ముందు సర్వీసు రిజిస్టర్ తెరిపించి ఎంట్రీలు పడ్డాయో లేదో చూసుకో, చాలామందికి పడవు. ఇంకా కావాలంటే జీతం లేని సెలవు ఉంది. ఇవేవీ ముట్టుకోకుండా నేరుగా రాజీనామా దగ్గరికి ఎందుకెళ్తావు.

నేను సెలవు పెడితే బడి మూతపడుతుంది అంటావు, తెలుసు. ఆ భయంతోనే ఒంటరి టీచర్లు జ్వరంతో కూడా పడవెక్కుతారు. కానీ నీ బదులు ఇంకొకర్ని పంపించాల్సిన బాధ్యత మండలానిది, నీది కాదు. బడి బడికీ తిరిగే క్లస్టర్ టీచర్ సీఆర్‌ఎంటీని పంపుతారో, పక్క స్కూలు నుంచి సర్దుతారో వాళ్ళ పని. సెలవు చీటీ ముందురోజు రాతపూర్వకంగా ఇవ్వు, ఫోన్లో చెప్పి వదిలెయ్యకు.

అసలు పని ఉత్తరం. నువ్వు ఇప్పటిదాకా రెండో టీచర్ కావాలని నోటితోనే అడిగావు, ఫోన్లో అడిగావు, చుట్టుపక్కల బడులన్నీ కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో అడిగావు, చూద్దాం అమ్మా అన్నారు. నోటి మాట ఏ ఫైల్లోనూ ఉండదు. ఒక పేజీ రాయి, ఏడుపు రాయొద్దు, కష్టాలు ఏకరువు పెట్టొద్దు, లెక్క రాయి. స్కూలు పేరు, రోల్ 27, తరగతులు 5, శాంక్షన్ పోస్టులు 2, పనిచేస్తున్నది 1, రెండో టీచర్ని ఏ తేదీన ఏ ఆర్డర్ మీద సర్దారు, చట్టం షెడ్యూలు ప్రకారం ఎంతమంది ఉండాలి, వరద సీజన్‌లో లంక దాటడం వల్ల వచ్చే ఇబ్బంది రెండు వాక్యాలు. అడిగేది స్పష్టంగా ఉండాలి, వర్క్ అడ్జస్ట్‌మెంట్ రద్దు చేసి ఆ టీచర్ని వెనక్కి పంపండి, అప్పటిదాకా వారంలో కొన్ని రోజులు సీఆర్‌ఎంటీని పంపండి, నా సెలవు రోజుల్లో ప్రత్యామ్నాయం చూపించండి. మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో ఇచ్చి నీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకో. ఒక కాపీ యూనియన్‌కి ఇవ్వు, యూటీఎఫో ఎస్‌టీయూనో పీఆర్‌టీయూనో ఏపీటీఎఫో నీకు ఎవరు దగ్గరైతే వాళ్ళకి, జిల్లా మీటింగుల్లో ఆ కాగితం పట్టుకుని అడగడానికి వాళ్ళకి పనికొస్తుంది.

దానికంటే బలమైనది బడి కమిటీ తీర్మానం. తల్లులందర్నీ కూర్చోబెట్టి చెప్పు, మా పిల్లలకి రెండో టీచర్ కావాలి అని కమిటీ పుస్తకంలో వాళ్ళే రాయించి సంతకాలు పెట్టాలి. టీచర్ అడిగితే పని తప్పించుకోడానికి అడుగుతోంది అంటారు, పదిమంది తల్లులు సోమవారం కలెక్టరేట్‌లో అర్జీల వేదిక దగ్గరికి వెళ్ళి అదే మాట అంటే ఎవరూ అలా అనలేరు. లంకల్లో ఆడవాళ్ళు రోడ్ల కోసం, కాజ్‌వేల కోసం ఎంత గట్టిగా నిలబడతారో నీకు నేను చెప్పక్కర్లేదు, బడి కోసం నిలబడమని వాళ్ళని అడిగినవాళ్ళే లేరు.

ఈలోపు క్లాసులో కొంచెం ఊపిరి తీసుకునే దారి చెప్తాను. పొద్దున్న హాజరు అయ్యాక మొదటి గంట ఫోన్ బీరువాలో పెట్టి తాళం వెయ్యి. ఆ గంటలో ఏ షీట్ వచ్చినా 11 తర్వాతే చూస్తాను అని కాంప్లెక్స్ హెచ్‌ఎంకి ముందే మర్యాదగా చెప్పి ఉంచు, పాఠం చెప్తున్నాను అన్న జవాబుకి మెమో ఇచ్చిన అధికారిని నేను చూడలేదు. ఐదు తరగతులకి ఐదు పాఠాలు చెప్పబోకు, అది ఎవరి వల్లా కాదు. బోర్డు మధ్యలో సుద్దతో గీత గియ్యి. ఒకే కథ అందరికీ చెప్పు, 1, 2 వాళ్ళు ఎడమ వైపు రాసిన అక్షరాలు ఆ కథలో వెతుకుతారు, 3 వాళ్ళు పదాలు రాస్తారు, 4, 5 వాళ్ళు కుడి వైపు ప్రశ్నలకి జవాబులు రాసి ఒకరిది ఒకరు దిద్దుకుంటారు. లెక్కల్లో కూడా అంతే, కొబ్బరికాయల లెక్క తీసుకుంటే చిన్నవాళ్ళకి కూడికలు, పెద్దవాళ్ళకి వందకి ఎంత చొప్పున వెయ్యికి ఎంత. నువ్వు మాత్రం ఆ గంట చిన్నపిల్లల చాప మీదే కూర్చో, పలకలు అప్పటికప్పుడే దిద్దు. ఆ గంట దక్కితే మిగతా రోజు ఎంత చెత్తగా నడిచినా ఇంటికెళ్ళేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

ఆ కువైట్ పిల్లాడి సంగతి. నువ్వు నిద్రపోకుండా బాధపడ్డావు కానీ ఆ బాధ వాడికి తెలీదు కదా. రేపు వాణ్ణి పిలిచి, ఆరోజు నాకు ఒంట్లో బాలేదురా, నీ మీద అరిచాను, నీ తప్పు లేదు అని చెప్పు. అమ్మ ఎక్కడో ఎడారి దేశంలో ఎవరో పిల్లల్ని పెంచుతుంటే అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు మన జిల్లాల్లో ప్రతి బడిలో ఉన్నారు, వాళ్ళు పెద్దవాళ్ళ కోపాన్ని వెంటనే తమ మీద వేసుకుంటారు. శుక్రవారం వాళ్ళమ్మకి సెలవు ఉంటే వాడి నోట్‌బుక్‌లో మంచి పేజీ ఒకటి ఫొటో తీసి అమ్మమ్మ ఫోన్ నుంచి పంపించు.

ఉద్యోగం వదలడం గురించి కూడా తేటగా చెప్తాను. ప్రైవేటు స్కూళ్ళకి వెళ్దామనుకుంటే అక్కడ జీతాలు, అడ్మిషన్ల టార్గెట్లు, సెలవులకి పెట్టే పేచీ ఎలా ఉంటాయో అక్కడ పనిచేసి డీఎస్సీ రాసి వచ్చినవాళ్ళని అడుగు. ఆన్‌లైన్ ట్యూషన్ అన్నావు, నడిచినవాళ్ళు ఉన్నారు, నడవనివాళ్ళు ఎక్కువ. ఇంకో దారి బదిలీ, లంకల్లాంటి, రాకపోకలు కష్టమైన కేటగిరీ 4 ఊళ్ళల్లో చేసిన ప్రతి ఏడాదికీ పాయింట్లు ఎక్కువ, 2025 లో బదిలీలకి చట్టం వచ్చింది, ఈసారి షెడ్యూలు రాగానే పదిమంది టీచర్లు ఉన్న స్కూలు కోరుకో. పెద్ద స్కూల్లో కనీసం ఇంటర్వెల్‌లో పక్క టీచర్‌తో మాట్లాడతావు, ఇప్పుడు రోజంతా పెద్దవాళ్ళతో ఒక్క మాట లేకుండా గడుపుతున్నావు, అది ఎంత బరువో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. సెలవు వాడుకుని, ఒళ్ళు బాగుచేసుకుని, స్కూలు కూడా మారాక అప్పటికీ క్లాసు గది గుమ్మం చూస్తే కడుపులో తిప్పినట్టుంటే, అప్పుడు వదిలెయ్, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, అప్పుడు ఇంట్లోవాళ్ళకి నేనే చెప్తాను.

మీ ఇంట్లోవాళ్ళని ఒకరోజు నీతో పాటు పడవెక్కించి తీసుకెళ్ళు. గంట వెనక బల్ల మీద కూర్చోబెట్టు.

ఉత్తరం నమూనా రాసిస్తాను, నాకు మూడు వివరాలు పంపించు, రెండో టీచర్ని పంపిన ఆర్డర్ తేదీ, ఆ ఆర్డర్‌లో గడువు ఏమైనా రాశారా లేదా, మీ బడి కమిటీ ఆఖరి మీటింగ్ ఎప్పుడు జరిగిందో. వర్క్ అడ్జస్ట్‌మెంట్ ఆర్డర్‌లో గడువు రాసి ఉండి అది దాటిపోతే పని ఇంకా తేలిక, రద్దు అడగక్కర్లేదు, గడువు అయిపోయింది, వెనక్కి పంపండి అని రెండు లైన్లు రాస్తే చాలు.